టెస్ట్ బటన్ నొక్కితే ట్రిప్ అయిందని నమ్మి కూర్చోకండి

చేవెళ్ల దగ్గర పొలంలో కట్టుకున్న ఇంటికి కరెంటు లైను లేకుండా 5 కేవీఏ సోలార్ పెట్టిస్తున్నానని, మీటరే లేనప్పుడు రూల్సేంటని ఎలక్ట్రీషియన్ అంటున్నాడని అడిగారు కదా. సగమే నిజమండి. నెట్ మీటరు (గ్రిడ్‌కి పంపిన, గ్రిడ్ నుంచి తీసుకున్న కరెంటు లెక్క చూసేది) అక్కర్లేదు, దాని దరఖాస్తూ అక్కర్లేదు (పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా రాదు, అది గ్రిడ్‌కి కలిపినవాళ్లకే). కానీ ఇన్వర్టర్ లోంచి వచ్చేదీ అదే 230 వోల్టులు. వైరింగుకి ఐఎస్ 732, ఎర్తింగుకి ఐఎస్ 3043 అనే భారత ప్రమాణాలు మీ ఇంటికీ ఉంటాయి, పని లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. తనిఖీకి ఎవరూ తలుపు తట్టకపోవచ్చు, కాబట్టి చూసుకోవాల్సింది మనమే.

మాకు శామీర్‌పేట దాటాక చిన్న ఇల్లుంది, 2021లో ఇలాగే పెట్టించాను. డబ్బాలో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చినదానికీ తేడా వస్తే, అంటే ఎక్కడో లీకైతే, కరెంటు ఆపేసే స్విచ్) ఉంది, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కేవాణ్ణి, టక్కున పడిపోయేది, నేనూ నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఓ రోజు హాల్లో స్విచ్ బోర్డు విప్పి చూస్తే టెస్టరు న్యూట్రల్‌లో వెలుగుతోంది, ఫేజులో వెలగట్లేదు! పనివాడు వచ్చి "వైర్లు తారుమారయ్యాయి సార్" అని మార్చేసి మూడొందలు తీసుకెళ్లాడు. మర్నాడు పొద్దున మామూలుగానే ఉంది, మోటారు వేయగానే మళ్లీ ఉల్టా. చివరికి మా బావమరిది, కరెంటు పనుల్లోనే ముప్పై ఏళ్లు గడిపినవాడు, మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) తెచ్చి పట్టుకున్నాడు: నీళ్ల మోటారు లోపల ఫేజు వైరు బాడీకి తగిలి ఉంది. బాడీకి ఎర్త్ ఉంది. అయినా ఆర్‌సీసీబీ కదల్లేదు, మోటారు కూడా హాయిగా తిరిగేది.

కారణం ఏంటంటే, ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో న్యూట్రల్‌ని ఎర్త్‌కి ఎవరూ కలపలేదు. గ్రిడ్ కరెంటైతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ అయి ఉంటుంది, అందుకే లీకైన కరెంటు భూమిలోంచి తిరిగి వెళ్లే దారి ఉంటుంది, ఆ తేడాని చూసి ఆర్‌సీసీబీ పడిపోతుంది. మా ఇంట్లో ఆ దారే లేదు. పైగా ఫేజు కాస్తా ఎర్త్ అయిపోవడంతో, భూమితో చూస్తే న్యూట్రల్‌కే 230 వచ్చింది. న్యూట్రలే కదా అని చెయ్యి పెట్టుంటే? మరి టెస్ట్ బటన్ ఎందుకు పనిచేసిందంటే, అది లోపలే ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య చిన్న రెసిస్టర్ కలుపుతుంది, దానికి ఎర్త్‌తో పనే లేదు. అంటే ఆ బటను పరికరం బాగుందని చెబుతుంది, ఇల్లు బాగుందని కాదు.

ఇప్పుడు డీబీలో (ఆ స్విచ్‌ల డబ్బాలో) ఆర్‌సీసీబీకి ముందు, ఒకే ఒక్కచోట, న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపాం. మీరు మాత్రం నా మాట మీద కలిపేయకండి. కొన్ని ఇన్వర్టర్లలో ఆ లింకు లోపలే ఉంటుంది, కొన్నింటికి బయట కలిపితే ఇన్వర్టరే పోతుంది, రేపు గ్రిడ్ లైను తెచ్చి బ్యాకప్‌గా కలిపితే లెక్క మళ్లీ మారుతుంది. మాన్యువల్ చూసి కంపెనీవాళ్లని అడగండి. కలిపాక మీ ఎలక్ట్రీషియన్‌తోనే (మీరు కాదు) ప్లగ్గులో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 60 వాట్ల పాత బల్బు పెట్టించండి, ఆర్‌సీసీబీ వెంటనే పడాలి. బల్బూ వెలగక, ఆర్‌సీసీబీ కూడా పడకపోతే మీదీ మా కథే.

డీసీ వైపు, అంటే ప్యానెళ్లు, బ్యాటరీ ఉన్న వైపు, ఎక్కువ చెప్పను. అక్కడ ఏసీ ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్) పెడతానంటే వద్దనండి, ఏసీ సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరుతుంది, డీసీలో ఆరదు. డీసీ ఎంసీబీలు హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో అడిగితే దొరుకుతాయి, మీద డీసీ వోల్టేజీ రాసుందో లేదో చూసుకోండి. 48 వోల్టుల బ్యాటరీ మీద 5 కేవీఏ అంటే ఫుల్ లోడులో 100 ఆంపులు దాటుతుంది, ఫ్యూజు బ్యాటరీ ప్లస్సుకి వీలైనంత దగ్గర్లో ఉండాలి. ఇంకోటి, చార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంటుతో బ్యాటరీని చార్జ్ చేసేది) గరిష్ఠంగా 150 వోల్టులదైతే, 49.5 వోల్టుల ప్యానెళ్లు మూడు వరసగా కలిపితే 148.5, సరిపోయిందనుకుంటారు. ఆ అంకె 25 డిగ్రీల దగ్గరిది. జనవరి పొద్దున పది డిగ్రీలుంటే చలికి వోల్టేజీ పెరిగి 154 దాకా పోతుంది, కంట్రోలర్ కాలుతుంది. రెండే కలపండి.

ఎర్తింగు దగ్గర పిసినారితనం వద్దు. మా దగ్గర నాలుగడుగులకే బండ తగిలింది, బొగ్గూ ఉప్పూ పోసిన గుంత వానాకాలంలో బాగానే ఉండి ఏప్రిల్‌కల్లా ఎండిపోయేది, దూరం దూరంగా ఇంకో రెండు రాడ్లు దింపి అన్నీ కలపాల్సి వచ్చింది. ప్యానెల్ స్టాండు, ఇన్వర్టర్ బాడీ, ఇంటి ఎర్త్ అన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. మీ ఇన్వర్టర్ మోడల్ నంబరు ఇక్కడ పెడితే, ఆ న్యూట్రల్ సంగతి మాన్యువల్‌లో ఏముందో నేనూ చూస్తాను.