లెక్క తేల్చే ముందు

చిరంజీవి లలితకు,

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఉత్తర ఆఫ్రికాలో అరబ్బుల రాకకు ముందునుంచీ ఉన్న జనం మాట్లాడే బెర్బర్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు చాలా సంతోషం. కానీ మొదటి పేరాలోనే ‘ఇది ఒకే భాష, మిగతావన్నీ యాసలు’ అని తీర్పు చెప్పేశావు. ఇక పాఠకుడు తర్వాతి పేజీ ఎందుకు తిప్పుతాడు? ముందు అతన్ని ఆ ఊళ్ల మీదుగా తీసుకెళ్లు.

తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలతో నువ్వు చేసిన పోలిక తీసెయ్యి. శ్రీకాకుళం మనిషి మహబూబ్‌నగర్‌లో ఓ పూట తడబడినా పని చక్కబెట్టుకుంటాడు. ఈజిప్టు పడమటి ఎడారిలోని సీవా ఒయాసిస్ మనిషికీ, మొరాకోలోని సూస్ ప్రాంతంలో తషెల్‌హీత్ అనే బెర్బర్ మాట మాట్లాడే మనిషికీ అలా కుదరదు. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్‌ల మధ్య ఉన్నంత తేడా వీటి మధ్య ఉందని కొందరు భాషావేత్తలు అంటారు. సలేం షాకేర్ లాంటి పండితులేమో వ్యాకరణం పునాదులు ఒకటే కాబట్టి ఒకే భాష అంటూ వచ్చారు. ఇద్దరి వాదనా వ్యాసంలో ఉండాలి.

‘దగ్గరి ఊళ్ల మాటలు కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి’ అని రాశావు. మొరాకోలోని అట్లాస్ కొండల్లో అది నిజమే. తషెల్‌హీత్ ఎక్కడ ఆగి దాని పొరుగునున్న మధ్య అట్లాస్ తమజిగ్త్ ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం ఎవరివల్లా కాదు. కానీ అంకెలు చూడు. సూస్‌లో మూడుని ‘క్రద్’ అంటారు, ఎడారి దాటి ఎంతో దూరంలో, మాలి, నైజర్ వైపు ఉన్న తువారెగ్‌లనే బెర్బర్ జనం ‘కెరద్’ అంటారు. అల్జీరియా తీరం దగ్గరి కబైల్ జనమేమో రోజువారీ లెక్కల్లో రెండు దాటగానే అరబ్బీ అంకెల్లోకి వెళ్లిపోతారు. సీవాలోనూ అంతే. అరబ్బీ ఏ ఊరిని ఎంత తాకిందన్నది ఇక్కడ దూరం కన్నా పెద్ద విషయం. నీ వ్యాసంలో ఇది అసలు లేదు.

రాజకీయాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, అది నాకు బాధ కలిగించింది. 1980 మార్చిలో అల్జీరియాలోని కబైల్ పట్టణం తీజీ ఊజూలో ప్రాచీన కబైల్ కవిత్వం మీద రచయిత మౌలూద్ మమ్మెరీ ఉపన్యాసాన్ని ప్రభుత్వం నిషేధిస్తే జనం వీధుల్లోకి వచ్చారు. మొరాకో 2011లో, అల్జీరియా 2016లో తమజిగ్త్‌ని అధికార భాష చేశాయి (ఇక్కడ ఆ పేరు మధ్య అట్లాస్ మాటకు కాదు, బెర్బర్ మొత్తానికి). అల్జీరియా రాజ్యాంగం దాన్ని ఒకే పేరుతో పిలుస్తూనే, దేశంలో వాడుకలో ఉన్న ‘దాని అన్ని రూపాలనూ’ అభివృద్ధి చేస్తామంటుంది. నీ ప్రశ్న మొత్తం ఆ వాక్యంలోనే ఉంది, దాన్ని తప్పకుండా వాడు. మొరాకో 2003లో బెర్బర్ జనం సొంత పాత లిపి తిఫినాగ్‌ని ఎంచుకుని, మూడు ప్రాంతాల మాటలు కలిపి ఒక ప్రామాణిక రూపం తయారుచేసుకుంది. కబైల్ రచయితలు ఎక్కువగా లాటిన్ లిపిలో రాస్తారు.

నన్నడిగితే ఇవి అనేక భాషలు. అయినా ‘ఒకటే’ అనేవాళ్లని తెలియనివాళ్లుగా చూపించకు. ఒక్కో లోయా విడివిడిగా అడిగి ఉంటే బడి గానీ రాజ్యాంగంలో చోటు గానీ దక్కేది కాదని నా నమ్మకం. అదే సమయంలో మారిటేనియాలోని జెనాగా గురించి కూడా ఆలోచించు. మాట్లాడేవాళ్లు చాలా కొద్దిమందే మిగిలారు, మిగతా బెర్బర్ మాటలకు అది బాగా దూరం. అంతా ఒకే భాష అని లెక్కేస్తే, జెనాగా పోయినా భాష బతికే ఉన్నట్టు లెక్క. దానికి ఒక పూర్తి పేరా ఇవ్వు.

ఇంకోటి. చాలామందికి ‘బెర్బర్’ అని పిలిపించుకోవడం నచ్చదు, తమని ఇమజిఘెన్ అంటారు. ఆ సంగతి మొదట్లోనే చెప్పు.

టెన్షన్ పడకు, నెలాఖరు దాకా టైం ఉంది. తిరగరాసి పంపేటప్పుడు ఒక మ్యాపు కూడా జతచెయ్యి. మొరాకో, అల్జీరియాలతో ఆపకుండా మాలి, నైజర్, సీవా కూడా కనిపించేలా చూడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు