ఫోలిక్ యాసిడ్ మాత్ర పుట్టిల్లు బొంబాయి

గర్భిణులకు ఇచ్చే విటమిన్ మాత్ర ఫోలిక్ యాసిడ్‌ను కనిపెట్టింది మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారేనా అని ఒకరు అడిగారు. ప్రయోగశాలలో తయారుచేసినంత వరకు ఆ ఘనత ఆయన బృందానిదే. దాని పుట్టిల్లు మాత్రం బొంబాయి అని ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులకు రక్తం అంతగా ఎందుకు తగ్గిపోతోందో పరిశోధించారు. మార్మైట్ అనే ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లకు మళ్లీ రక్తం పడుతోందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్న పదార్థాన్నే 1941లో టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి వేరుచేసి, లాటిన్‌లో ఆకును సూచించే మాటతో దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. 1945లో అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో సుబ్బారావుగారి ఆధ్వర్యంలో అది కృత్రిమంగా తయారైంది. సుబ్బారావుగారు పుట్టింది భీమవరంలో. ఆయన సోదరులు ఇద్దరిని బలిగొన్న, తిన్నది ఒంటపట్టనివ్వని స్ప్రూ అనే పేగుల వ్యాధికి కూడా ఈ మందు పనిచేస్తుందని తరువాత తేలింది.

ఆ భీమవరానికి దగ్గరలోనే మా అమ్మగారి ఊరు. తొలి కాన్పుకు అక్కడికి వెళ్లినప్పుడు ఊళ్లో ఆరోగ్యం చూసే నర్సు, ఏఎన్ఎం గారు ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ఇచ్చారు. అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని మా నాయనమ్మ భయపెట్టడంతో, నేను రోజుకొకటి తీసి పెరట్లోని కరివేపాకు కుండీలో గుచ్చేదాన్ని. ఒక రాత్రి గట్టి వాన కురిసి మట్టి కొట్టుకుపోయింది. పొద్దున ఏఎన్ఎం గారు వచ్చి ఖాళీ షీటు చూసి మెచ్చుకుంటూనే, పై పూత కరిగి బయటపడ్డ మాత్రలను గమనించి, "ఏమ్మా, కరివేపాకుకు రక్తం తగ్గిందా?" అని అడిగారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ ఇంకొక్క మాట కూడా అనకుండా, నిమ్మకాయ నీళ్లు కలిపించి, ఎదురుగా నిలబడి మింగించారు.

నిజానికి నా ఫిర్యాదు నాయనమ్మ మీద కాదు. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులలోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. ఆ గొట్టం సరిగా మూసుకోని లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లులు గర్భానికి ముందు నుంచే ఈ విటమిన్ తీసుకుంటే, మరుసటి కాన్పులో ఆ లోపం దాదాపు 72 శాతం తగ్గిందని బ్రిటన్ వారి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 1991లోనే చూపింది. అయినా నా చేతికి షీటు అందింది అయిదో నెలలో. పెళ్లికూతురికి పట్టుచీర అంచు గురించి వారం రోజులు చర్చించే మనం గర్భానికి ముందే ఈ మాత్ర మొదలుపెట్టమనే ఒక్క ముక్క చెప్పడానికి సిగ్గుపడతాం.

మా చెల్లిని అత్తవారింటికి పంపిన రోజు సారెలో కజ్జికాయల డబ్బా పక్కన రెండు షీట్లు పెట్టాను. నాయనమ్మ వాటిని గుర్తుపట్టి, "కరివేపాకు కుండీ కూడా పంపిస్తున్నావా?" అని మాత్రం అడిగింది.