ఎంసీబీ మీద అంకెలు చదివాకే బిగించు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

గీజర్ వేసిన కాసేపటికి ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే లైను తెంచే స్విచ్చి, ట్రిప్ అవుతోందనీ, 16 తీసేసి 32 ఆంప్స్‌ది వెయ్యమని ఇంటాయన పోరుతున్నాడనీ చెప్పావు. ఆయన ఎంత పట్టుబట్టినా వెయ్యకు నాయనా.

ఎంసీబీ కాపలా కాసేది గోడలో ఉన్న వైరుకి. గీజర్‌కి కాదు. అక్కడున్నది 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. పైపులో నాలుగు వైర్ల మధ్య ఇరుక్కున్నప్పుడు అది ఇరవై చిల్లర ఆంప్స్‌కి మించి మోయలేదు. పైగా, 16 అని రాసి ఉంటే 16 దాటగానే ట్రిప్ అవుతుందనుకోకు. 1.13 రెట్లు, అంటే 18 ఆంప్స్ దాకా గంటసేపు అది కదలకూడదు. 1.45 రెట్లు, అంటే 23 ఆంప్స్ వస్తే గంటలోపు ట్రిప్ అయి తీరాలి. ఇప్పుడు ఆ ఇంటి లెక్క చూడు. 3000 వాట్ల గీజర్ 13 ఆంప్స్ లాగుతుంది. అదే లైను మీద వంటింట్లో 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెడితే మొత్తం 22కి దగ్గరవుతుంది. అందుకే వెంటనే కాకుండా కాసేపాగి ట్రిప్ అవుతోంది. ఎంసీబీ పాడవలేదు, దాని పని అది చేస్తోంది. 32 వేశావంటే 36 ఆంప్స్ పోతున్నా గంటసేపు అది ఊరుకుంటుంది, ఈలోగా గోడలో ఇన్సులేషన్ మాడిపోతుంది. స్టవ్‌కి బోర్డు నుంచి వేరే లైను లాగు. దానికి ముందు మెయిన్ ఆఫ్ చేసి ఎంసీబీ స్క్రూలు టైట్ చేసి చూడు, ఎందుకంటే లూజు స్క్రూ దగ్గర పుట్టే వేడికి కూడా తక్కువ లోడుకే ట్రిప్ అవుతుంది.

ఎంసీబీ మీద ఆంప్స్ అంకె ముందున్న సీ అక్షరం, ఒక్కసారిగా ఆ అంకెకి 5 నుంచి 10 రెట్లు కరెంటు వస్తే తక్షణం ట్రిప్ అవుతుందని చెబుతుంది. బీ అయితే 3 నుంచి 5 రెట్లే. మోటారు స్టార్టింగ్‌లో ఆరు రెట్ల దాకా లాగుతుంది, అక్కడ బీ వేస్తే మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ నీకు ఫోనే. గడి కట్టి రాసిన 6000 షార్ట్ సర్క్యూట్‌లో అది తెంచగల ఆంప్స్. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న బిల్డింగుకి 10000ది అడుగు.

వోల్టేజి సంగతి చాలామంది చూడనే చూడరు. 240/415 పక్కన అల గుర్తు ఉంటే అది ఇంటికొచ్చే ఏసీ కరెంటుకి మాత్రమే. సోలార్ పనులు కూడా ఒప్పుకుంటున్నావు గనుక ఇది బాగా గుర్తుపెట్టుకో. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది, కాంటాక్టులు విడిపోయినప్పుడు లేచే ఆర్క్, అంటే నిప్పు మెరుపు, అక్కడ ఆరిపోతుంది. సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు సున్నాకి రాదు. పది ప్యానెళ్లు సిరీస్‌లో కలిపితే 400 వోల్టులు దాటుతుంది. అక్కడ ఇంటి ఎంసీబీ పెడితే లివర్ కిందికి పడ్డా లోపల ఆర్క్ మండుతూనే ఉండి డబ్బా అంటుకుంటుంది. డీసీ అని రాసి ఉన్నదే కొను, వోల్టులు చూసుకో, ప్లస్ మైనస్ గుర్తులుంటే వాటి ప్రకారమే కలుపు.

ఇంకొకటి. షాక్ నుంచి మనిషిని కాపాడేది ఎంసీబీ కాదు, కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. ఆ ఇంట్లో ఉందో లేదో చూడు. లేకపోతే వేరే లైనుతో పాటు దాన్నీ కొటేషన్‌లో రాసివ్వు.

మీ పెదనాన్న