ముందు ఎనిమిది కాగితాలు మడిచి చూడు

శ్రీకాకుళం

అమ్మా,

నీ ఉత్తరమూ, దాంతోపాటు నీ పత్రిక కోసం వేసి పంపిన ఆరు ముఖచిత్రాల నమూనాలూ అందాయి. ఆరింటినీ బల్ల మీద వరసగా పరిచి రెండు రోజులు వస్తూ పోతూ చూశాను. బాగానే ఉన్నాయి. నాకు బెంగ పట్టుకున్నది అందుకే. లోపల ఏముంటుందో ఒక్క వాక్యమూ లేదు, అట్ట మాత్రం ఆరు రకాలుగా తయారైంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

కోప్పడుతున్నాననుకోకు. నేనూ అట్టతో మొదలుపెట్టినవాణ్ణే. ఆ కథ తర్వాత చెబుతాను.

మన జిల్లాలోని ఉద్దానం మీద పత్రిక, 32 పేజీలు, కాలేజీ ప్రాజెక్టు. ఇంతవరకూ బాగుంది. నీ ప్లాన్‌లో మొదటి వరస దగ్గరే ఆగిపోయాను. ‘టార్గెట్ ఆడియన్స్: 18 నుంచి 45 ఏళ్ల మధ్య, ప్రాంతీయ సంస్కృతిపై ఆసక్తి ఉన్నవారు’ అని రాశావు. ఇన్నేళ్లు పత్రికల్లో పనిచేశాను, అలాంటి మనిషి నాకు ఎక్కడా తారసపడలేదు. ఆ వరస కొట్టేసి ఒక్క మనిషిని రాయి. మీ పెద్దమ్మ కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తుందన్నావు కదా, ఆవిడనే రాయి. ఏడో తరగతి దాకా చదివింది. పని నుంచి వచ్చి, వంట ముగించి, ట్యూబులైటు కింద కూర్చుంటే ఆవిడకి దొరికేది పావుగంట. నీ పత్రిక చేతిలో పెడితే ఏ పేజీ దగ్గర ఆగుతుంది? అక్షరం ఎంత సైజులో ఉండాలి, ఒక్కో రచన ఎంత నిడివి ఉండాలి, నిగనిగలాడే ఆర్ట్ పేపరా లేక కళ్లలోకి వెలుతురు కొట్టని మ్యాప్‌లిథోనా, అన్నిటికీ జవాబు ఆవిడ దగ్గరే ఉంది. మార్కుల కోసం ‘టార్గెట్ ఆడియన్స్’ అనే మాట కావాలంటే పైన శీర్షికగా పెట్టుకో, నాకేం అభ్యంతరం లేదు.

ఇంకో సంగతి. ఒక ప్రాంతం పేరు మీద అచ్చు వేస్తున్నప్పుడు ఎందుకు వేస్తున్నామో మనకి తెలిసి ఉండాలి. సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చింది, తెలంగాణలో కవులే లేరన్న మాట పడలేక. 354 మంది కవుల్ని అచ్చులో నిలబెట్టాడు. ‘ఎందుకు’ అన్నది అంత గట్టిగా ఉంటే ఏది వెయ్యాలో, ఏది తీసెయ్యాలో దానంతటదే తేలుతుంది. నీకూ అలాంటి కారణం ఒకటి ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. ఉద్దానం అనగానే బయటివాళ్లు వేసే బొమ్మలు రెండే. కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మంచం మీద మనిషి, లేదంటే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరితోట. జబ్బూ నిజమే, తుపానూ నిజమే. కానీ నీ ఆరు అట్టల్లో మూడింటి మీద మంచం, రెండింటి మీద కూలిన చెట్లు. ఆరోదాని మీద సూర్యోదయం, అది ఏ ఊరి సముద్రమైనా కావచ్చు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లవి, నువ్వు కూడా బయటివాళ్ల కెమెరాతోనే చూస్తే ఎలా? మీ పెద్దమ్మ ఆ మంచం బొమ్మ చూసి పత్రిక తిరగేసి పెట్టేస్తుంది. ఆవిడకి అది కొత్త వార్త కాదు, ఇంటి పక్క సంగతి. జబ్బు గురించి లోపల ఒక పేజీ తప్పకుండా ఉండాలి. పరీక్షలు ఎక్కడ చేస్తారు, మందులు ఎక్కడిస్తారు, తాగే నీళ్ల సంగతేమిటి, అంతే. రోగి మొహం వద్దు.

పేరు గురించి. ‘ఉద్దాన వైభవం’ వింటే నాకు కల్యాణ మండపం గుర్తొచ్చింది. అది నా చాదస్తం అనుకున్నా, ఇంకో చిక్కుంది. కాగితం మీద పెద్దగా రాసి చూడు. ‘ద్ద’ కింద ఒత్తు వేలాడుతుంది, ‘వై’ కింద తోక వేలాడుతుంది. అట్ట మీద వేస్తే ఆ రెండూ దిగొచ్చి ఫొటోలో మనిషి నెత్తిన కూర్చుంటాయి. వాటికి చోటివ్వాలంటే పేరు సైజు తగ్గించాలి, తగ్గిస్తే దూరానికి కనబడదు. ‘బీల’ అని పెడితే? సోంపేట వైపు చిత్తడి నేలల్ని అలాగే కదా అంటారు. 2010లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం అంత పోరాడింది ఆ బీల కోసమే. రెండే అక్షరాలు, కిందికి ఏదీ దిగదు, అట్ట వెడల్పంతా పరుచుకోవచ్చు. వేరే జిల్లావాళ్లు బీలంటే ఏమిటని అడుగుతారు. అడగనీ. నచ్చకపోతే ఇంకోటి నువ్వే వెతుక్కో, కాకపోతే జనం నోట్లో ఆడే మాటై ఉండాలి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి. తెలుగు పేరు పక్కన ఒడియా లిపిలో కూడా చిన్నగా వేస్తే వాళ్ల కళ్లు మెరుస్తాయి. అచ్చుకిచ్చే ముందు ఆ లిపి చదవడం వచ్చినవాళ్లకి చూపించు, తప్పు పోతే పరువు పోతుంది.

ఇప్పుడు నా కథ. అప్పుడు నాకు నీకన్నా నాలుగైదేళ్లు ఎక్కువ ఉంటాయేమో. మిత్రులం నలుగురం కలిసి పత్రిక మొదలుపెట్టాం. అట్ట ఎలా ఉండాలని నెల రోజులు కొట్టుకున్నాం. తర్వాత హడావిడిగా లోపలి పేజీలు 30 తయారుచేసి ప్రెస్సుకి తీసుకెళ్లాం. బైండింగ్ చేసే ముసలాయన మా కట్ట చూసి ఏమీ అనలేదు. ఒక కాగితం మధ్యకి మడిచి నా చేతిలో పెట్టి, ‘పేజీలు లెక్కెట్టండి బాబూ’ అన్నాడు. నాలుగు. ఇంకోటి మడిచి అందులో దూర్చాడు. ఎనిమిది. ‘ముప్పై ఎలాగొస్తాయో మీరే చూపించండి’ అన్నాడు. ఎలా వస్తాయి? నడుమ పిన్ను కొట్టే పత్రికకి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. ఆ రాత్రికి రాత్రి రెండు పేజీలు పుట్టించాలి. ఒక మిత్రుడి కవిత, ఒక సూర్యాస్తమయం ఫొటో వేసి చేతులు దులుపుకున్నాం. ఆ సంచిక ఎవరింట్లోనైనా కనబడితే ఇప్పటికీ ఆ రెండు పేజీలూ గబగబా తిప్పేస్తాను. నీ ఆరో అట్ట చూసి ఉలిక్కిపడింది కూడా అందుకే.

కాబట్టి కంప్యూటర్ మూసేసి ఎనిమిది ఏ4 కాగితాలు తీసుకో. మధ్యకి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చి, పెన్సిల్‌తో 1 నుంచి 32 దాకా అంకెలు వెయ్యి. ఇదే డమ్మీ. ఇప్పుడు మళ్లీ విడదీసి చూడు. అన్నిటికన్నా పై కాగితం మీద 1, 2, 31, 32 పేజీలు ఉంటాయి. అన్నిటికన్నా లోపలి దాని మీద 15, 16, 17, 18. డబ్బులకి ఇబ్బందన్నావు కాబట్టి ఈ రెండు కాగితాలకే రంగులు పెట్టుకో, మిగతా ఆరూ నలుపు తెలుపుల్లో వెళ్లనీ. 9వ పేజీలో రంగు ఫొటో వేస్తానని ప్లాన్‌లో రాశావు. 9 ఉన్న కాగితం మీదే 10, 23, 24 కూడా ఉన్నాయి. ఆ ఒక్క ఫొటో కోసం ఇంకో కాగితాన్ని కలర్‌లోకి పంపాలి. డమ్మీ చేతిలో ఉంటే ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ రచన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఫొటో గడి ఎంతో అందులో పెన్సిల్‌తో గీసుకో. నాలుగుసార్లు చెరిపాక అప్పుడు కంప్యూటర్ తెరు.

నీ ప్లాన్‌లో నాకు బాగా నచ్చింది జీడి మీద రచన. దాన్ని 5వ పేజీ నుంచి తీసి 15కి తీసుకురా. 15 కుడివైపు పేజీ, అక్కడ శీర్షిక, మొదటి రెండు పేరాలు. పేజీ తిప్పగానే 16, 17 కలిపి ఒకే ఫొటో. అవి రెండూ ఒకే కాగితం, మధ్యలో పిన్నులు తప్ప అడ్డేమీ లేదు, బొమ్మ రెండు ముక్కలవదు. ఏ ఫొటో అంటావా? నువ్వు పంపిన వాటిలో ఫ్యాక్టరీ గేటు, యజమాని, వరసగా కూర్చున్న ఆడవాళ్లు ఉన్నారు. మూలన ఒక ఫొటోలో మీ పెద్దమ్మ చేతులున్నాయి, జీడి సొన తగిలి వేళ్ల కొసలు నల్లబడి. అదే కావాలి. దగ్గరగా, పగటి వెలుతురులో మళ్లీ తియ్యి. తీసే ముందు ఆవిణ్ణి అడుగు, వేసే ముందు చూపించు.

దాని కింద ‘జీడి పరిశ్రమలో శ్రమిస్తున్న మహిళా కార్మికులు’ అని రాశావు. అది చూస్తేనే తెలుస్తోంది కదమ్మా. ఫొటోలో లేనిది రాయాలి. ఆ నలుపు ఎన్నాళ్లకి పోతుందో, పెళ్లికో పేరంటానికో వెళ్లాల్సొస్తే ఆ చేతుల్ని ఏం చేస్తుందో ఆవిణ్ణే అడిగి, ఆవిడ అన్న మాట అన్నట్టే వెయ్యి. లోపల అంతటా ‘జీడి గింజలు’ అని రాశావు. మీ ఊళ్లో ఎవరైనా గింజలంటారా? పిక్కలు అనే అంటారు. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట మన జిల్లాలోదే. మనమే పిక్కని గింజ చేసేస్తే ఆయన ముందు తలెత్తుకోగలమా?

ఆయన పేరు మీద ‘గిడుగు’ అని ఉచిత యూనికోడ్ ఫాంటు కూడా ఉంది. శీర్షికలకి వాడి చూడు. లోపలి మేటర్‌కి ‘మండలి’ గానీ, నోటో సెరిఫ్ తెలుగు గానీ పెట్టుకో. శీర్షికలకి ఒకటి, మేటర్‌కి ఒకటి, మూడోది వద్దు. నీ నమూనాలో ఏడు లెక్కపెట్టాను, సంతలో గాజుల కొట్టులా ఉంది. మీ ఊళ్లో డీటీపీ చేసేవాళ్లు అను ఫాంట్లలో కొట్టిస్తామంటే ఒప్పుకోకు. అచ్చు చక్కగానే వస్తుంది, కానీ అది యూనికోడ్ కాదు, రేపు ఆ మేటర్ ఫోన్‌లోకో వేరే చోటికో కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు మిగులుతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడేటప్పుడు పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకో, లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. చాలామంది ఇది తెలియక ఫాంటుని తిడతారు.

వరసల మధ్య ఎడం మీద పట్టింపుగా ఉండు. ఇంగ్లీషు పత్రిక నమూనా దించుకుని అందులో తెలుగు పోశావు, అందుకే ఊపిరాడట్లేదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. పై వరసలో ‘రాష్ట్రం’, దాని కింద ‘కీర్తి’ వచ్చాయనుకో, ‘ష్ట్ర’ ఒత్తులు దిగి ‘కీ’ గుడి మీద పడతాయి. అక్షరం 12 పాయింట్లు ఉంటే వరసకి 17 అయినా ఇవ్వు, మీ పెద్దమ్మ కళ్లకైతే 18. కాలమ్‌లు కూడా మూడొద్దు, రెండు చాలు. ‘మాట్లాడుకుంటున్నప్పుడల్లా’ లాంటి మాట సన్నటి కాలమ్‌లో ఇరుక్కుంటే దానికి పై వరసలో మూడు మాటలు మూడు దిక్కుల్లో నిలబడతాయి, మధ్యలో ఎడ్లబండి తోలొచ్చు.

ఇలా వేస్తే పేజీకి మూడున్నర వందల మాటలు మించి పట్టవు, ఫొటో ఉంటే ఇంకా తక్కువ. నీ స్నేహితులు రాసిచ్చిన వ్యాసాలు ఒక్కోటీ పన్నెండు వందల మాటలున్నాయి. సగానికి కోసెయ్యి. అలుగుతారు. సంచిక చేతికొచ్చాక మర్చిపోతారు.

ఫొటోల గురించి ఒక్కటే చెబుతాను. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలు వెయ్యకు. అందులో ఫొటో పొడవు 1600 పిక్సెళ్ల దగ్గరకి కుదించుకుపోతుంది, అచ్చులో అది 13 సెంటీమీటర్లకి మించి సాగితే ముద్దగా వస్తుంది. 16, 17 పేజీల మీద పరిస్తే చేతులు కాదు, బూజు కనబడుతుంది. అసలు ఫైలే డాక్యుమెంట్‌గా పంపమను. పేజీ అంచుదాకా వెళ్లే ఫొటోని మూడు మిల్లీమీటర్లు బయటికి సాగదీసి ఉంచు, కటింగ్ మిషన్ అంత ఖచ్చితంగా ఎప్పుడూ కొయ్యదు.

ఈ వారంలో ఒకరోజు శ్రీకాకుళం రా. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో ఇక్కడ పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది కదా, అక్కడికి వెళ్దాం. కథల కోసం పోగుచేసిన పాత పత్రికలు బోలెడున్నాయి. కథలు చదవడానికి కాదు, నువ్వు స్కేలు తెచ్చుకో. మార్జిన్ ఎంత వదిలారు, బొమ్మ పేజీలో ఎక్కడ పెట్టారు, కథ పేరు ఎవరి చేత రాయించారు, మిగిలిన జాగాలో ఏం వేశారు, ఇవన్నీ కొలిచి రాసుకో. అప్పటివాళ్ల దగ్గర రంగులూ తక్కువే, డబ్బూ తక్కువే. నీ పరిస్థితికి వాళ్ల పేజీలే దగ్గర, ఫోన్‌లో చూసే విదేశీ పత్రికలు కాదు.

వచ్చేటప్పుడు డమ్మీ తీసుకురా. దాన్ని ఫొటో తీసి పంపితే ఒప్పుకోను, మడతలు విప్పి చూడాలి. 9వ పేజీ సంగతి నువ్వే తేల్చుకుని రా. మందస కోవా తెస్తానని రాశావు, షుగరుందని ఇంట్లో ఒప్పుకోరు. కథానిలయం మెట్ల మీద తినేద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు