మోటబావి దగ్గర మాట కలవాలి

ప్రశ్న: నేనొక చారిత్రక ప్రేమ నవల రాస్తున్నాను. కథ 1951 అక్టోబర్‌లో, నకిరేకల్ పరిసరాల్లోని ఒక పల్లెలో మొదలవుతుంది. అమ్మాయి తండ్రి తెలంగాణ సాయుధ పోరాటంలో కమ్యూనిస్టు దళంలో చేరి ప్రాణాలు కోల్పోయాడు. సంఘం (పోరాటం నడిపిన ఆంధ్ర మహాసభ) పంచిన మూడెకరాలు మళ్లీ దొర చేతికే పోయాయి. అబ్బాయిది సొంత పట్టా ఉన్న చిన్న రైతు కుటుంబం. రజాకార్ల కాలంలో ఇల్లూవాకిలీ వదిలి మునగాల వైపు పోయి, తర్వాత తిరిగి వచ్చారు. చరిత్ర ఎక్కువైతే ప్రేమ నలిగిపోతుందని, పోరాటం సంగతి నాలుగు పేజీల్లో ముగించి కథలోకి రమ్మని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: అమ్మా, ఈ ఒక్క విషయంలో మీ మిత్రుల మాట వినకండి. కొట్లాట సద్దుమణిగిన పల్లెలో ఎవరి ఎద్దును ఎవరి కాడికి కట్టాలి, ఎవరి బావి నీళ్లు ఎవరి మడికి పారాలి అన్నవి తేలేదాకా ఏ ఇంటికీ నిద్ర పట్టదు. అవి ఒక్కొక్కటిగా తేలుతూ పోయే క్రమమే మీ ప్రేమకథ. చరిత్రను పక్కకు జరిపితే వాళ్లిద్దరూ కలుసుకోవడానికి చోటే మిగలదు.

మీ కథకు ఆయువుపట్టు 1948 సెప్టెంబర్ 17. ఆ రోజు నిజాం లొంగిపోయాడన్న కబురు విని అబ్బాయి కుటుంబం బండి కట్టుకొని తిరుగుదారి పట్టి ఉంటుంది. మునగాల అప్పట్లో చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందిన పరగణా కాబట్టి మీరు వాళ్లను అటు పంపడం సరిగ్గా ఉంది. అయితే రజాకార్లను అణచిన భారత సైన్యమే ఆ తర్వాత సంఘం బలంగా ఉన్న ఊళ్ల మీదికి మళ్లింది. పోరాట విరమణ ప్రకటన 1951 అక్టోబర్ 21న గానీ రాలేదు. మొత్తం పోరాటంలో నాలుగు వేల మంది ప్రాణాలు కోల్పోయారని కమ్యూనిస్టు పార్టీ లెక్క చెప్పింది. మీ అమ్మాయి తండ్రి వారిలో ఒకడు. అంటే అబ్బాయి ఇంట్లో దీపం వెలిగిన నాడే అమ్మాయి ఇంట్లో రెండో కష్టకాలం మొదలైంది. అబ్బాయి తల్లి దాన్ని ‘రజాకార్లు పోయిన ఏడు’ అంటుంది, అమ్మాయి తల్లి ‘మిల్ట్రీ వచ్చిన ఏడు’ అంటుంది. ఇద్దరూ చెబుతున్నది ఒకే ఏడాది గురించి. ఈ రెండు మాటల నడుమ ఉన్న దూరాన్ని దాటడమే ఆ పిల్లలిద్దరి పని అని నాకు అనిపిస్తున్నది. ఇంతకంటే పెద్ద అడ్డంకిని మీరు కల్పించనక్కర లేదు.

నెల కూడా మంచిది ఎంచుకున్నారు. ఆ ఏడు బతుకమ్మ, దసరా వెళ్లిపోయి దీపావళి ఇంకా రాని రోజులవి. చెల్క భూముల్లో ఆముదం నిలబడి ఉంటుంది, రేగడిలో యాసంగి జొన్న విత్తుతుంటారు, మాగాణి ఉన్నవాళ్లు చెరువు వైపు, బావి వైపు చూస్తుంటారు. ఇక్కడే వాళ్లను కలపండి. మూడేళ్ల అలజడిలో రెండిళ్లూ పశువులను పోగొట్టుకొని, ఒక్కో ఎద్దుతో మిగిలాయనుకోండి. ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట ఒంటెద్దుతో సాగదు. ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ ఇంటి ఎద్దునూ ఈ ఇంటి ఎద్దునూ జత కట్టి, ఒకరి మడికి ఒకరోజు, మరొకరి మడికి మరొకరోజు నీళ్లు తోడుకోవలసిందే. పెద్దలు పలకరించుకోకపోయినా ఎద్దులు ఒకే కాడి కింద నడుస్తాయి.

మోట కొట్టడం నేను చిన్నతనంలో మా నాయనమ్మ ఊళ్లో చూశాను కాబట్టి ఒక సంగతి చెబుతాను. మోట తోలేవాడు ఎద్దులతో పల్లానికి దిగుతుంటే తోలు బొక్కెన పైకి వస్తుంది, గట్టు మీద నీళ్లు ఒలికిపోతాయి, ఎద్దులు వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ మళ్లీ పైకెక్కుతాయి. నీళ్లు కట్టే మనిషి మాత్రం అక్కడ ఉండదు. దూరంగా కాలువ చివర పారతో మడిమడికీ గండి తెంచుతూ, పూడుస్తూ ఉంటుంది. వాళ్లిద్దరికీ ఒకరి ముఖం ఒకరికి కనబడదు. గిలక కిర్రుమన్న చప్పుడు, అతడు ఎత్తుకున్న పాట ముందు వినబడతాయి. కాసేపటికి ఆ బొక్కెన నీళ్లు ఆమె పాదాలను తాకుతాయి. ఒకనాడు పాట ఆగి, నీళ్లు మాత్రం వస్తూనే ఉంటే ఆమె తలెత్తి గట్టు వైపు చూస్తుంది. మొదటి చూపు అక్కడ పెట్టండి. జాతరలో గాజుల దుకాణం ముందు పెట్టకండి, అది చాలామంది పెట్టేశారు.

రెండో కలయికకు కాగితం పనికొస్తుంది. హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. ఏళ్ల తరబడి దున్నుతున్న కౌలుదారులను రక్షిత కౌలుదారులుగా గుర్తించే ఏర్పాటు అందులో ఉంది. సంఘం పంచిన భూమికి అలాంటి కాగితం ఏదీ లేదు. కాబట్టి ఆ మూడెకరాలను అంతకుముందే అమ్మాయి తాత దొర దగ్గర కౌలుకు దున్నేవాడని ఒక్క వాక్యం చేర్చండి. అప్పుడు ఆ ఇంటికి చట్టంలో ఒక సన్నని దారి దొరుకుతుంది. ఇక సర్కారు కచేరీ నుంచి వచ్చే కాగితం ఉర్దూలో ఉంటుంది. నిజాం కాలంలో బడి చదువు ఉర్దూలోనే సాగింది కాబట్టి ఊళ్లో దాన్ని చదవగలిగేది భూమి లెక్కలు రాసే పట్వారీ, ఆ తర్వాత బడికి పోయిన ఈ అబ్బాయి. పట్వారీ దొర మనిషి. తల్లి గింజల కుండ అడుగున దాచిన కాగితం తీసి, ఇష్టం లేకుండానే అబ్బాయి చేతికిస్తుంది. అతడు చదువుతుంటే అతడి వేలు కుడి నుంచి ఎడమకు జరగడం అమ్మాయి చూస్తూ ఉంటుంది. తన తాత పేరు ఎక్కడుందో చూపించమని అడుగుతుంది. ఆ పేరు మీద ఆమె కూడా వేలు పెట్టి చూస్తుంది. అంతకుమించి ఆ ఘట్టంలో ఇంకేమీ రాయకండి.

ఆ ఏడు ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి భూమిలేని వాళ్లకు వంద ఎకరాలు ఇస్తానని వినోబా భావే ఎదుట ప్రకటించిన భూదానం కబురు ఆరు నెలల్లో మీ పల్లెకూ చేరి ఉంటుంది. భర్తను భూమి కోసం పోగొట్టుకున్న ఆడమనిషి ఆ కబురును ఎలా వింటుందో రాయవలసింది మీరే. దాన్ని తేలికగా దాటిపోకండి.

మీ ఉత్తరంలో కులం మాట ఎక్కడా లేదు. ఆ ఇద్దరిదీ ఒకే కులమైతే తగాదా భూమిది, గతానిది. వేరు కులాలైతే 1952లో ఆ పెళ్లికి ఊరు ఒప్పుకోవడం చాలా కష్టం, వాళ్లు ఊరు విడిచిపోవలసి రావచ్చు. రెండూ రాయదగినవే. తేల్చకుండా వదిలేస్తే మాత్రం పాఠకులు నమ్మరు.

కథను మరికొంత దూరం తీసుకుపోయే ఓపిక ఉంటే 1954-55 ఖాస్రా పహాణీ దాకా వెళ్లండి, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన సర్కారు రికార్డు దాకా. తెలంగాణలో ఇప్పటికీ భూమి తగాదా వస్తే ముందుగా వెతికేది దాన్నే. అందులో ఆ మూడెకరాల పక్కన ఎవరి పేరు ఎక్కిందన్నది, వాళ్ల పెళ్లి జరిగిందా లేదా అన్నంత ఉత్కంఠగా చదివించగలరు.

ప్రశ్న: నా కథలో నాయిక భర్తను పోలీసులు పట్టుకుపోయి మూడేళ్లయింది. ఆమెకు మరో రైతుతో మనసు కలుస్తుంది. ఆ కాలంలో మారుమనువు ఉండేదా?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ఉండేది. కష్టజీవుల కులాల్లో చాలాచోట్ల మారుమనువు ఆచారమే, కులపెద్దల ముందు జరిగేది. ఎక్కువ భూమి ఉండి గౌరవం గురించి పట్టింపు ఉన్న కులాల్లో మాత్రం ఆడవాళ్లకు ఆ దారి మూసి ఉండేది. అయితే మీ కథలో అసలు చిక్కు అది కాదు. భర్త చనిపోయాడని ఎవరూ చెప్పలేదు. జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మూడు నాలుగేళ్లు ఉండి తిరిగి వచ్చినవారు వేల సంఖ్యలో ఉన్నారు. కనుక ఆమె మెట్టెలు తీయలేదు, బొట్టు చెరపలేదు. ఆ రైతు ఆమె చేనికి సాయం వస్తూ, ఊరి బాట మీద ఎవరైనా కొత్త మనిషి నడిచి వస్తున్నట్టు కనబడితే చేస్తున్న పని ఆపి, ఆమె కంటే ముందు తానే చూస్తాడు. అతడు మంచివాడని చెప్పడానికి అది చాలు. భర్తను చంపేసి కథను సులువు చేయవద్దని నా విన్నపం.

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్లది మిర్యాలగూడ ప్రాంతం. 1952 నాటి నా కథలో కాలువ గట్టు మీద ప్రేమికులు కలుసుకుంటారు, చుట్టూ వరి పొలాలు. నాయకుడు ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటాడు. సరిచూసి చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: కాలువ తీసేయాలమ్మా. నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబర్ 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. 1952లో అక్కడ మీకు కనబడేవి చెరువు కింద కొద్దిపాటి వరి, చుట్టూ జొన్న, సజ్జ, ఆముదం. కలుసుకోవడానికి చెరువు అలుగు ఉంది, ఆముదం చేను ఉంది. ఆముదం ఏపుగా పెరిగిన చేనులో మనిషి నిలబడితే బాట మీద పోయేవాళ్లకు కనబడడు.

ఆ వాక్యం కూడా ఆనాటి రైతు నోట పలకదు. ‘నీ మీద మనసైంది’ అంటాడు, అదీ ధైర్యం చిక్కినప్పుడు. లేకపోతే ‘రేపు మీ చేను దున్నుడుకు నేనే వస్తా, మీ అమ్మతోని చెప్పు’ అంటాడు. ఆమెకు అర్థమవుతుంది.