థర్మోస్టాట్ తీసేయకు, మార్చు

నల్లగొండ,
మే నెల

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కారు వేడెక్కుతోంది, ఏం చెయ్యాలి అని నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే సమాధానం చెప్పి ఉండేవాణ్ణి. కానీ ఫోనులో విన్నది బోల్టు విప్పే సమయానికి గుర్తుండదు. ఈ కాగితం పక్కన పెట్టుకుని పని చేస్తావని రాస్తున్నాను.

ముందు, ఆ మెకానిక్ అన్న మాట గురించి. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకమ్మా, తీసి పారేద్దాం" అన్నాడన్నావు. ఈ మాట నేను మిర్యాలగూడ రోడ్డు షెడ్డులో పనిచేసిన ముప్పై ఏళ్లూ విన్నాను. మొదట్లో నేనూ నమ్మాను, నాలుగైదు బండ్లకు తీసేశాను కూడా. అది తప్పు. నువ్వు ఆ పని చేయించుకోవద్దు.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్‌కూ, దాని నీళ్లను చల్లబరిచే రేడియేటర్‌కూ మధ్య ఉండే తలుపు. మధ్యలో చిన్న లోహపు గుళిక, దాని లోపల మైనం. నీళ్లు వేడెక్కితే మైనం కరిగి ఉబ్బుతుంది, స్ప్రింగును తోసి తలుపు తెరుస్తుంది. చల్లబడితే స్ప్రింగే మళ్లీ మూసేస్తుంది. చాలా కార్లలో 82 డిగ్రీలకో 88 డిగ్రీలకో తెరుచుకోవడం మొదలవుతుంది. ఆ అంకె దాని మీదే చెక్కి ఉంటుంది. బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా ఇంజిన్‌కు కావలసిన వేడి దానికి రెట్టింపు. ఆ తలుపు లేకపోతే ఇంజిన్ తన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇంకా చల్లగానే ఉందనుకుని కారు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆ పెట్రోలు కొంత జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు అడుగున రెండో బిళ్ల ఉంటుంది. పై తలుపు తెరుచుకున్నప్పుడు అది, నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోకే మళ్లే అడ్డదారిని మూస్తుంది. మొత్తం తీసేస్తే ఆ అడ్డదారి తెరిచే ఉండి, వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా ఇంజిన్‌లోనే తిరుగుతుంది. వేడి తగ్గాలని తీసేసిన బండి ఎండాకాలంలో ఇంకా వేడెక్కడానికి కారణం అదే.

నీ కారుకు తప్పు థర్మోస్టాట్‌దేనా అన్నది తేల్చుకోవాలి. పంతంగి టోల్ గేటు బారులో ఆగినప్పుడు మాత్రమే వేడి చూపే ముల్లు లేచి, కదిలితే దిగి ఉంటే నేను రేడియేటర్ ఫ్యానును అనుమానించేవాణ్ణి. నువ్వు నార్కట్‌పల్లి దాటి చిట్యాల వైపు మంచి వేగంలో పోతుంటే కూడా లేచిందన్నావు. అంత గాలి తగులుతున్నా చల్లబడలేదంటే నీళ్లైనా తక్కువ ఉండాలి, రేడియేటర్‌కైనా చేరకుండా ఉండాలి. నీళ్లు నిండుగానే ఉన్నాయని చూశావు కదా. కాబట్టి రేపు పొద్దున ఒక పని చెయ్యి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యానుకు దూరంగా నిలబడి, రేడియేటర్ పై గొట్టాన్ని అప్పుడప్పుడు చేత్తో తాకి చూడు. చున్నీ, గాజులు, వేలాడే జడ ఏవీ ఫ్యాను దరిదాపుల్లో ఉండకూడదు. ముల్లు మధ్యకు వచ్చేదాకా గొట్టం చల్లగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ బాగున్నట్టే. ముల్లు మధ్య దాటి పైకి పోతున్నా గొట్టం గోరువెచ్చగానే ఉంటే తలుపు మూసుకుని బిగుసుకుపోయింది. అది తెలిసిన వెంటనే ఇంజిన్ ఆపెయ్యి. ఆయిల్ మట్టం చూసే పుల్ల తీసి కూడా చూడు. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగం కింద ఉండే ప్యాకింగ్) పని, ఇంట్లో చేసేది కాదు, నాకు ఫోన్ చెయ్యి.

ఇక పని. రాత్రంతా చల్లారిన కారునే ముట్టుకో. ఈ ఒక్క మాట నాకోసం విను. నా కుడి ముంజేతి మీద మచ్చ చిన్నప్పుడు అడిగేదానివి. నకిరేకల్ నుంచి వస్తుంటే బండి ఆవిరి కక్కింది, పావుగంట ఆగి చల్లారిందనుకుని రేడియేటర్ మూత తిప్పాను. ప్రెషర్ కుక్కర్ మూత విజిల్ తీయకుండా లాగితే ఏమవుతుందో నీకు తెలుసు. రేడియేటర్ మూత కూడా అలాగే ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, అందుకే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తాయి. మూత వదులైన మరుక్షణం అంతా మరిగి పైకి లేస్తుంది. మూడు వారాలు చెయ్యి ఎత్తలేకపోయాను.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది. మూత తీసి, రేడియేటర్ అడుగున ఉన్న ట్యాపు కింద వెడల్పాటి బేసిను పెట్టి రెండు మూడు లీటర్లు వదులు. బేసినును అక్కడే వదిలెయ్యకు. ఆ నీళ్లలో కలిపే కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ పిల్లలూ దాని దగ్గరకు పోతారు. సీసాలో పోసి మూత బిగించి, మీద పేరు రాసి ఎత్తి పెట్టు, కాలువలో పారబోయకు.

పై గొట్టం వెంట ఇంజిన్ వైపు పోతే రెండు బోల్టులున్న అల్యూమినియం మూత కనిపిస్తుంది. థర్మోస్టాట్ దాని కిందే ఉంది. కొన్ని కార్లలో కింది గొట్టం దగ్గర ఉంటుంది కానీ నీది నేను చూసిన బండే, పైనే. విప్పేముందు ఫోనుతో ఫొటో తీసుకో. క్లిప్పును వెనక్కి జరిపి గొట్టాన్ని ముందు మెలితిప్పు, ఆ తర్వాత లాగు. స్క్రూ డ్రైవరుతో పెకలిస్తే మూతి పగులుతుంది. బోల్టులకు పది నంబరు పానా సరిపోతుంది. బిగుసుకుని ఉంటే తుప్పు వదిలించే నూనె చల్లి అరగంట ఆగు, బలం చూపిస్తే బోల్టు తల తెగి లోపల ఉండిపోతుంది.

పాతది తీసేటప్పుడు స్ప్రింగు ఎటు ఉందో చూడు. స్ప్రింగూ గుళికా ఇంజిన్ వైపు ఉండాలి, వేడి తగలవలసింది వాటికే. అంచు మీద అటూ ఇటూ ఆడే చిన్న పిన్ను ఉంటే అది పై వైపుకు రావాలి, చిక్కుకున్న గాలి అక్కడినుంచే తప్పించుకుంటుంది. రంధ్రంలో గుడ్డ కుక్కి, పాత ప్యాకింగ్ ముక్కలను చెక్క పుల్లతో గోకు. ఇనుప బ్లేడు అల్యూమినియం మీద గీత పెడితే అక్కడే కారుతుంది.

కొత్తదాన్ని బిగించేముందు వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి పరీక్షించు. దాని తలుపును కాస్త ఎడంచేసి దారం చివర ఇరికించి, ఆ దారంతోనే నీళ్లలో వేలాడదీయి. గిన్నె అడుగు తగలకూడదు. నీళ్లు వేడెక్కుతున్నకొద్దీ ఏమీ జరగనట్టే ఉంటుంది, గిన్నె అంచున బుడగలు పేరుకుంటాయి. తర్వాత తలుపు దారాన్ని వదిలేస్తుంది, థర్మోస్టాట్ టప్పున అడుగుకు పడుతుంది. థర్మామీటరు ఉంటే ఆ క్షణంలో అంకె చూడు, చెక్కిన అంకెకు దగ్గరగా ఉండాలి. బయటికి తీస్తే రెండు నిమిషాల్లో మళ్లీ మూసుకోవాలి. పాతదాన్నీ అదే నీళ్లలో వెయ్యి. నీళ్లు తెర్లుతున్నా అది కదలకపోతే నీ అనుమానం తీరిపోతుంది.

బిగించేటప్పుడు థర్మోస్టాట్ అంచు దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడు. పక్కకు జరిగి ఉండగా బోల్టు బిగిస్తే పైమూత పగులుతుంది, నేను అలా పగిలినవి చాలా చూశాను. రబ్బరు రింగు ఉంటే పేస్టు పూయకు. బోల్టులను ఒకటి కొంచెం, రెండోది కొంచెం, మార్చి మార్చి బిగించు. మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు.

ఇక నీళ్లు. మన బోరు నీళ్లు పోయకు తల్లీ. వాటర్ హీటర్ కడ్డీ మీద తెల్లగా పేరుకునే పొర చూస్తూనే ఉన్నావు. అదే రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. కోసి చూసిన రేడియేటర్లలో సగం గొట్టాలు సున్నం కొట్టినట్టు పూడిపోయి ఉండేవి. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నా, రేడియేటర్‌కు డిస్టిల్డ్ వాటరే పొయ్యి. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. డబ్బా మీద ముందే నీళ్లు కలిపి అమ్ముతున్నట్టు రాసి ఉంటే మళ్లీ నీళ్లు కలపకు. రంగు చూసి కొనకు, కారు పుస్తకంలో రాసిన రకమే కొను.

పోసేటప్పుడు కారు ముందు భాగం కాస్త ఎత్తులో ఉండాలి, మీ ఇంటి గేటు వాలు అందుకు బాగుంటుంది. అడుగు ట్యాపు మూసి, బ్యాటరీ వైరు పెట్టి, నెమ్మదిగా నింపి, మూత తెరిచే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చెయ్యి, హీటర్ పూర్తిగా పెట్టు. పై గొట్టాన్ని మెల్లగా పిసికితే బుడగలు వస్తాయి, మట్టం దిగుతుంది, మళ్లీ పొయ్యి. గాలి లోపల ఉండిపోతే కొత్త థర్మోస్టాట్ పెట్టినా ముల్లు లేస్తుంది, పని చెడిందని నువ్వు కంగారు పడతావు. బుడగలు ఆగి, గొట్టం వేడెక్కే సూచన కనిపించగానే మూత బిగించు. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ముల్లు మీదే చూపు ఉంచు.

మర్నాడు చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ పక్కనున్న కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడు. వారం రోజులు రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డిక్కీలో ఉంచుకో, ఆ వారం హైదరాబాద్ వెళ్లకు, నకిరేకల్ చుట్టుపక్కలే తిప్పు.

పాత థర్మోస్టాట్ పారేయకు. ఆదివారం నేను వస్తున్నాను, మీ అమ్మకు చెప్పు. రంపంతో కోసి ఆ గుళికలో మైనం నీకు చూపిస్తాను.

నీ మామయ్య