అన్నీ ‘జాగ్రత్త’లే, మరి ఏది ఎప్పుడు అనాలి?

లుక్ అవుట్, వాచ్ అవుట్, బీ కేర్‌ఫుల్, బివేర్... డిక్షనరీలో అన్నిటికీ ‘జాగ్రత్త’ అనే ఉంది, ఏది ఎక్కడ వాడాలని అడిగారు. నేను ఇంగ్లిష్ టీచర్‌ని కాదు. ప్యాకింగ్ మెషిన్లు బిగించే పని మీద రెండేళ్లు అమెరికాలో, ఒహాయోలో ఉన్నాను. ఈ మాటలన్నీ అక్కడి గోడౌన్‌లో తిప్పలు పడి నేర్చుకున్నవే.

వెళ్లిన మొదటి నెలలో జరిగింది చెప్తాను. ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వస్తోంది. ఒకతను ఫోన్ చూసుకుంటూ దానికి అడ్డంగా నడుస్తున్నాడు. నేను ‘బీ కేర్‌ఫుల్!’ అని అరిచాను. అతను తలెత్తకుండానే ‘థ్యాంక్స్, యూ టూ’ అని నడుస్తూనే ఉన్నాడు! ఇంతలో మా సూపర్‌వైజర్ ‘లుక్ అవుట్!’ అని ఒక్క కేక వేసింది. ఒక్క గంతులో పక్కకి దూకాడు. తర్వాత ఆవిడే చెప్పింది, బీ కేర్‌ఫుల్ అంటే సలహా అట. సలహా వినేంత టైమ్ అతనికి ఎక్కడుంది?

అప్పటినుంచి నాకు అదే కొలత. ప్రమాదానికీ మనిషికీ మధ్య ఎంత టైమ్ ఉంది? అసలు లేకపోతే లుక్ అవుట్. వాచ్ అవుట్ కూడా అలా అరవచ్చు. కానీ దానికి ఇంకో వాడుక ఉంది. ‘ఆ మెట్టు విరిగింది, చూసుకుని దిగు’ అని ముందుగా చెప్పడానికి వాచ్ అవుట్ ఫర్ బాగా కుదురుతుంది. పని మొదలుపెట్టే ముందు, లేదా గాజు సామాను చేతికిస్తూ చెప్పేది బీ కేర్‌ఫుల్. ఊరెళ్లేవాళ్లని బస్సెక్కించి ‘జాగ్రత్తమ్మా’ అంటాం చూడండి, అది టేక్ కేర్.

ఆలోచిస్తే మనమూ అంతే. పిల్లాడి మీదికి బండి వస్తుంటే ‘జాగ్రత్త’ అని ఎవరూ అనరు. ‘ఏయ్, పక్కకి!’ అంటాం. ఇంగ్లిష్‌లోకి రాగానే ఆ తేడా మర్చిపోయి డిక్షనరీ మాట పట్టుకుంటాం.

వాచ్ అవుట్‌లో ‘అవుట్’ తీసేసి ‘వాచ్ ఇట్’ అన్నారో, గొడవే. ఒకతను అట్టపెట్టె మోసుకొస్తూ తలుపుకి తగలబోతుంటే మంచికే అన్నాను. మొహం ఎర్రబడింది. ‘ఒళ్లు దగ్గర పెట్టుకో’ అన్నట్టు వినిపిస్తుందట. విడిగా పిలిచి సారీ చెప్పుకున్నాను.

ఇక ‘హెడ్స్ అప్’. నిచ్చెన మీదున్నవాడు అలా అరిస్తే మాట ప్రకారం తల పైకెత్తాను. టేపు రోలు సరిగ్గా కళ్లద్దాల మీద పడింది. పైనుంచి ఏదో వస్తోంది, తల కాపాడుకో అని దానర్థం. ఆఫీసు మెయిల్‌లో మాత్రం అదే మాటకి అర్థం ‘ముందే మీ చెవిన వేస్తున్నాను’ అని. రేపు కరెంటు ఉండదు, ఎల్లుండి ఆడిట్ ఉంది లాంటివాటికి.

బివేర్ మాటల్లో పెద్దగా వినపడదు, బోర్డుల మీద కనపడుతుంది. మన ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అదే. (క్రీ.శ. 79లో బూడిద కింద కూరుకుపోయిన పాంపేయి ఊళ్లో ఒక ఇంటి గుమ్మం దగ్గర లాటిన్‌లో ఇదే హెచ్చరిక ఉంది, కుక్క బొమ్మతో సహా.) ఇప్పటి వాడుకలో దీనికి భూతకాలం లేదు, ‘బివేర్డ్’ అని రాయకండి. బ్రిటన్ వెళ్తే ‘మైండ్’ ఎక్కువ. లండన్ మెట్రోలో 1968 నుంచి వినిపిస్తున్న ‘మైండ్ ద గ్యాప్’ అదే. తలుపు పొట్టిగా ఉంటే వాళ్లు మైండ్ యువర్ హెడ్ అంటారు, అమెరికావాళ్లు వాచ్ యువర్ హెడ్ అంటారు.

అన్నిటికంటే మాకు ఖర్చు తెచ్చింది స్టిక్కర్లు. చెయ్యి నలిగిపోయేంత ప్రమాదమున్న రోలర్ మీద ‘వార్నింగ్’ అని వేద్దామంటే, మా హైదరాబాద్ ఆఫీసులో పెద్దాయన ఒప్పుకోలేదు. ‘వార్నింగ్ ఇవ్వడమంటే బెదిరించడం కదయ్యా, కస్టమర్‌ని బెదిరిస్తామా? మెత్తగా కాషన్ అని వెయ్యి’ అన్నారు. తెలుగులో వార్నింగ్‌కి ఉన్న అర్థం అదే మరి, ఆయన తప్పేం లేదు. కానీ అమెరికాలో హెచ్చరిక బోర్డులకీ స్టిక్కర్లకీ ఏఎన్ఎస్ఐ (అక్కడి జాతీయ ప్రమాణాల సంస్థ) జెడ్535 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్రాణం పోవడమో తీవ్రంగా గాయపడడమో ఖాయమైతే డేంజర్, ఎర్ర రంగు. అలా జరిగే అవకాశం ఉంటే వార్నింగ్, నారింజ రంగు. చిన్నా మధ్యరకం దెబ్బలకే కాషన్, పసుపు. మనిషికి దెబ్బ తగిలే విషయం కాకపోతే నోటీస్, నీలం. అంటే ఇక్కడ కొలత టైమ్ కాదు, దెబ్బ ఎంత పెద్దది, తగిలే అవకాశం ఎంత అని.

కొన్నవాళ్లు మెషిన్ దించుకోకముందే స్టిక్కర్ల ఫోటోలు తీసి పంపి, మార్చమన్నారు. నారింజ రంగువి కొత్తగా అచ్చు వేయించి కొరియర్‌లో తెప్పించాం. పసుపువి నేనే బ్లేడుతో గీకి తీశాను, రెండు రోజులు పట్టింది.